మూడు రకాల చేతికర్రలు, పోని పొగ వాసన: ఏళ్ల వాడకం తర్వాత నా మాట

ఎడమ మోకాలు అరిగినప్పటి నుంచి చేతికర్ర లేనిదే గడప దాటను. వరంగల్‌లో భద్రకాళి చెరువు కట్ట మీద పొద్దుటి నడకైనా, హన్మకొండలో కూరగాయలకైనా, ఊళ్లో చుట్టాల పెండ్లికైనా అది నా వెంట ఉండాల్సిందే.

మడిచే అల్యూమినియం కర్ర బస్సులో చాలా సుఖం, సంచిలో పడుతుంది. బొత్తాం నొక్కి ఎత్తు మార్చుకోవచ్చు. కానీ వాడంగ వాడంగ లోపలి ఎలాస్టిక్ తాడు వదులై, అతుకుల దగ్గర టకటకలాడుతది. దాని మీద ఒళ్లంతా మోపాలంటే నాకు ధైర్యం చాలదు. నాలుగు కాళ్లది ఇంట్లో నున్నటి బండల మీద బాగుంటుంది. కోటలో ఎగుడుదిగుడు రాళ్ల మీదికి పోతే ఒక కాలు గాల్లోనే ఉంటుంది. ఇరుకు మెట్ల మీద అసలే పట్టదు.

చివరికి నా చేతికి కుదిరింది వెదురు కర్ర. ఏటూరునాగారం దిక్కు నుంచి తెప్పించుకున్న. బోలు తక్కువుండే గట్టి వెదురు, లాఠీలు చేసే రకం. పైన అడ్డంగా టేకు పిడి. ఇన్నేళ్లలో ఎక్కడా పగుల్లేదు.

దీనితో ఒకటే చిక్కు, పొగ వాసన. వెదురును మంట మీద కాచి వంకర తీస్తరు, అక్కడే మొదలైతది. ఆ పైన చలికాలం ఊళ్లో చలిమంట చుట్టూ కూర్చుంటే ఇంకింత పడుతుంది. కట్టెకు గట్టితనమిచ్చే లిగ్నిన్ అనే పదార్థం కాలినప్పుడు పుట్టే గ్వయాకాల్ లాంటి రసాయనాలే ఆ వాసనకు మూలం. వెదురు పైతోలు నునుపు కాబట్టి అంతగా పీల్చదు. కోసిన కొనలు, చెక్కిన గణుపులు, వార్నిష్ లేని పిడి, ఇవే పట్టి ఉంచుకుంటాయి. పోయిందనుకుంటే ముసురు పట్టగానే మళ్లీ లేస్తుంది. అత్తరు పూస్తే రెండు వాసనలూ కలిసి తలనొప్పి. పిడిని సబ్బునీళ్ల గుడ్డతో తుడిచి, గాలి ఆడే నీడలో బాగా ఆరబెట్టాలి. ఎర్రటి ఎండలో పెడితే వెదురు చీలుతుంది. తర్వాత సన్నని గరుకు కాగితంతో రుద్ది, కొనలకూ పిడికీ వార్నిష్ పూయించిన. అప్పటి నుంచి ముక్కు దగ్గర పెడితే తప్ప తెలియడం లేదు. అల్యూమినియం గొట్టానికి ఈ బాధ లేదు కానీ, దాని ఫోమ్ పిడి మాత్రం పొగను బాగానే తాగుతుంది.

ఏది కొన్నా ఎత్తు చూసుకోండి. రోజూ వేసుకునే చెప్పులతో నిలబడి చేయి వదిలేస్తే, పిడి మణికట్టు గీత దగ్గరికి రావాలి. పట్టుకున్నప్పుడు మోచేయి కొంచెం వంగాలి. నొప్పి ఎడమ కాలికైతే కర్ర కుడిచేతిలో ఉండాలి. మా వీధిలో సగం మంది నొప్పి ఉన్న దిక్కే పట్టుకుంటరు, చూస్తే ప్రాణం ఉసూరుమంటది. నిలకడే తప్పే వాళ్లకు వెదురు వద్దు, ఫిజియోథెరపిస్టును అడిగి నాలుగు కాళ్లదే తీసుకోండి. కింది రబ్బరు గీతలు అరిగి నున్నగైతే వానలు పడకముందే మార్పించండి. తడి బండ మీద జారేది అక్కడే.