కడపలో నేమ్‌ప్లేట్లు, తలుపులు చెక్కేవాళ్లకు వీకార్వ్: డబ్బు పెట్టొచ్చా?

కడపలో చిన్న సీఎన్‌సీ రూటర్ (కంప్యూటర్ ఫైల్ ప్రకారం చెక్కే మిషన్) పెట్టుకున్న షాపుకి ఎక్కువగా వచ్చేది గుమ్మం పక్కన తగిలించే ఇంటి పేరు బోర్డు, లేదంటే టేకు, వేప తలుపుల మీద డిజైను. ఆ మిషన్‌కి పని ఫైల్ తయారు చేసే సాఫ్ట్‌వేర్ వీకార్వ్, వెక్ట్రిక్ కంపెనీ వాళ్లది. దాన్ని బోర్డుల పనికైతే నిశ్చింతగా కొనుక్కోవచ్చు. తలుపుల పనికైతే ఏ ఎడిషన్ అన్నది చూసుకునే డబ్బు కట్టాలి.

డెస్క్‌టాప్ ఎడిషన్‌లో జాబ్ సైజు 25 అంగుళాలకు, అంటే 635 మిల్లీమీటర్లకు మించదు. నేమ్‌ప్లేటుకు అది చాలా ఎక్కువే, ఆరున్నర అడుగుల తలుపుకు ఎటూ చాలదు. ప్రో ఎడిషన్‌కి ఆ హద్దు లేదు, ఒకే షీటులో ముక్కల్ని సర్దే నెస్టింగ్ కూడా ఉంది. దేవుడి బొమ్మ, హంస లాంటి ఉబ్బెత్తు పనులకు రెడీమేడ్ త్రీడీ ఫైల్ తెచ్చి ఇందులో చెక్కవచ్చు. ఆ ఉబ్బెత్తును మీరే మొదటి నుంచి తయారు చేయాలంటే మాత్రం అదే కంపెనీ పెద్ద సాఫ్ట్‌వేర్ ఆస్పైర్‌కి వెళ్లాల్సిందే. ఇదే పనికి వాడే ఆర్ట్‌క్యామ్ సాఫ్ట్‌వేర్‌ని ఆటోడెస్క్ కంపెనీ 2018లో ఆపేశాక ఇంకా పాత కాపీలతోనే నెట్టుకొస్తున్నవాళ్లకు వీకార్వ్ తేలిగ్గా అలవాటవుతుంది. ఏటేటా చందా లేదు, ఒకసారి కొంటే ఆ వెర్షన్ మీదే. ముందు ట్రయల్ దించుకుని చూడండి. టూల్‌పాత్, అంటే బిట్ నడవాల్సిన దారి, లెక్క కట్టి ప్రివ్యూ చూపిస్తుంది, మీ సొంత డిజైనును మాత్రం మిషన్‌కి పంపనివ్వదు.

దీని అసలు బలం పేరులోనే ఉంది. గీత వెడల్పుని బట్టి వీ బిట్ (వీ ఆకారపు మొన ఉన్న బిట్) తనంతట తానే లోతుకు దిగుతూ, పైకి లేస్తూ పోతుంది. గుండ్రటి తెలుగు అక్షరం పైన సన్నగా తేలే తలకట్టు ఈ పద్ధతిలో వచ్చినంత అందంగా ఎండ్‌మిల్లుతో, అంటే నిలువు అంచుల మామూలు బిట్‌తో, రాదు. కానీ తెలుగుని నేరుగా ఇందులో టైప్ చేసే ఆలోచన పెట్టుకోకండి. కోరెల్‌డ్రాలో అను (యూనికోడ్ కాని పాత డీటీపీ తెలుగు) ఫాంటుతోనే చేస్తుంటే, అక్కడే కన్వర్ట్ టు కర్వ్స్ కొట్టి అక్షరాల్ని గీతలుగా మార్చి, ఆ తర్వాత వెల్డ్ చేసి, అంటే ముక్కల్ని ఒకే ఆకారంగా కలిపి, తీసుకురండి. యూనికోడ్ ఫాంటైతే ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేసి, ఆబ్జెక్ట్ టు పాత్, ఆపైన యూనియన్, చివరికి ఎస్‌వీజీగా సేవ్.

ఈ వెల్డ్ ఎందుకో ‘శ్రీ లక్ష్మీ నిలయం’ అనే బోర్డు తీసుకుంటే తెలుస్తుంది. ‘శ్రీ’లో క్రావడి, ‘క్ష్మీ’లో గుడి దీర్ఘం, మ వత్తు అను ఫాంటులో విడివిడి ముక్కలు, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. స్క్రీన్ మీద నల్లగా నింపి చూస్తే ఏమీ తెలియదు. వీకార్వ్ మాత్రం గీతల్నే చూస్తుంది కాబట్టి అవి దాటుకునే చోట ముక్క చెక్కకుండా మిగిలిపోతుంది, లేదా అక్షరం నడుమ అడ్డగీత పడుతుంది. వీకార్వ్‌లోనూ వెల్డ్ ఉంది. దాన్ని వాడితే ల, య లాంటి అక్షరాల లోపలి ఖాళీలు బయటి గీతలో కలిసి మాయమయ్యాయేమో చూసుకోండి. స్కాన్ చేసి ట్రేస్ కొట్టిన డిజైన్లయితే నోడ్లు (గీతను మలిచే చుక్కలు) వందల్లో పడతాయి, మిషన్ వంపుల దగ్గర వణుకుతూ నడుస్తుంది. ఫిట్ కర్వ్స్ టు వెక్టర్స్ వాడి నోడ్లు తగ్గించాకే టూల్‌పాత్ కట్టాలి.

తర్వాత బిట్ కోణం. టూల్ డేటాబేస్‌లో ఇవ్వాల్సింది మొత్తం కోణం, సగం కాదు. పది మిల్లీమీటర్ల వెడల్పు గీతకు 90 డిగ్రీల బిట్ 5 మిల్లీమీటర్లు దిగాలి, 60 డిగ్రీలదైతే 8.66 దిగాలి. స్పిండిల్‌లో (బిట్‌ని తిప్పే మోటారులో) 60 బిగించి సాఫ్ట్‌వేర్‌లో 90 అని వదిలేస్తే 5 మిల్లీమీటర్ల దగ్గరే ఆగుతుంది, గీత 5.77 వెడల్పే వస్తుంది. అక్షరాలన్నీ బక్కచిక్కి కనిపిస్తాయి. అప్పుడు చాలామంది ఫాంటుని అనుమానిస్తారు, తప్పు కోణంలో ఉంటుంది. వత్తుల గీతలు రెండు మిల్లీమీటర్ల లోపే ఉండే చిన్న బోర్డులకు 60 డిగ్రీలే మేలు. 90 బిట్ అక్కడ ఒక్క మిల్లీమీటరే దిగుతుంది, పాలిష్ రెండు కోటింగులు పడేసరికి వత్తు పూడిపోతుంది.

చెక్క వంకర కూడా అంతే దెబ్బ తీస్తుంది. పలక ఒక మిల్లీమీటర్ లేచి ఉంటే 90 బిట్‌తో గీత వెడల్పు రెండు మిల్లీమీటర్లు మారిపోతుంది. అందుకే పలకను బెడ్ మీద పెట్టాక ముందు పైభాగాన్ని ఒక పాస్ చదును చేయండి. చదును చేశాక పాత పైభాగం ఉండదు కాబట్టి జెడ్ సున్నాని, అంటే బిట్ ఎత్తు లెక్క మొదలయ్యే చోటుని, మిషన్ బెడ్ మీద పెట్టుకుంటే బిట్ మార్చిన ప్రతిసారీ అదే చోట తాకించవచ్చు. ఆటోమేటిక్ టూల్ ఛేంజర్ లేని మిషన్‌కి ఒక్కో బిట్ టూల్‌పాత్‌ని విడి ఫైల్‌గానే సేవ్ చేయాలి.

ఫీడ్ (బిట్ ముందుకు కదిలే వేగం) లెక్క: ఆర్‌పీఎం × పళ్లు × ఒక్కో పంటికి చిప్ మందం. 6 మిల్లీమీటర్ల రెండు పళ్ల ఎండ్‌మిల్, 18000 ఆర్‌పీఎం, 0.1 చిప్ అంటే నిమిషానికి 3600 మిల్లీమీటర్లు, పాస్‌కి లోతు 3 మిల్లీమీటర్లు. మిషన్ అంత వేగం తట్టుకోకపోతే ఆర్‌పీఎం 12000కి దించి ఫీడ్ 2400 పెట్టండి. ఆర్‌పీఎం అలాగే ఉంచి ఫీడ్ ఒక్కటే తగ్గిస్తే బిట్ కోయడం మానేసి రాసుకుంటుంది. పొట్టు బదులు మెత్తని పిండి రాలుతుంది, టేకు అంచు నల్లగా మాడుతుంది.

సేవ్ చేసేటప్పుడు పోస్ట్‌ప్రాసెసర్ (ఫైల్‌ని మీ మిషన్ భాషలోకి మార్చేది) పేరు చివర ఎంఎం ఉందో లేదో చూడండి. అంగుళాల పోస్ట్ పడి, ఆ అంకెల్ని కంట్రోలర్ మిల్లీమీటర్లుగా చదివితే 500 మిల్లీమీటర్ల బోర్డు 20 మిల్లీమీటర్ల లోపు ముక్కగా తయారవుతుంది. డీఎస్‌పీ హ్యాండిల్ (మిషన్‌ని నడిపే చేతి రిమోట్) వాడేవాళ్లు ఫైల్‌లోని ఎఫ్ విలువను, అంటే ఫీడ్ అంకెను, కంట్రోలర్ చదివేలా సెట్ చేసి ఉందా అనేదీ చూడాలి. లేకపోతే పైన కట్టిన ఫీడ్ లెక్కంతా వృథా.

బోర్డు కోసి విడదీసే ప్రొఫైల్ టూల్‌పాత్‌లో సెపరేట్ లాస్ట్ పాస్ చాలా మంచి ఏర్పాటు. అర మిల్లీమీటర్ వదిలి ముందు కోసి, ఆఖరి పాస్ ఒక్కటే లోతంతా తీస్తే అంచుకు ఇసుక కాగితం పని బాగా తగ్గుతుంది. ముక్క కదలకుండా పట్టి ఉంచే ట్యాబులు నాలుగు, 3 మిల్లీమీటర్ల మందం. బిట్ నిలువునా గుచ్చుకోకుండా వాలుగా దిగేలా ర్యాంప్ పెట్టండి.

కడప నల్ల బండ మీద కూడా ఇదే టూల్‌పాత్ నడుస్తుంది. కాకపోతే డైమండ్ బిట్, ఆగకుండా నీళ్లు కావాలి, పాస్‌కి 0.3 మిల్లీమీటర్లు దాటకూడదు. బండ పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి లోతుగా పోతే అక్షరం లోపలి చిన్న దీవులు పెచ్చులుగా లేచిపోతాయి. ఫ్లాట్ డెప్త్ (బిట్ దిగే గరిష్ఠ లోతు) 2 మిల్లీమీటర్లకు కట్టేయండి.

లోటు చెప్పాలంటే రెండున్నాయి. పలకను బిగించిన క్లాంపుల్ని ప్రివ్యూ తనంతట తాను గుర్తించదు. క్లాంప్ 25 మిల్లీమీటర్లు పైకి ఉండి, క్లియరెన్స్ (బిట్ పైకి లేచి కదిలే ఎత్తు) 5 మాత్రమే ఇస్తే స్క్రీన్ మీద అంతా సజావుగానే సాగుతుంది, మిషన్ మీద బిట్ విరుగుతుంది. రెండోది, పనికి ఎంతసేపు పడుతుందని అది చూపించే సమయం; అసలు పట్టేది అంతకంటే ఎక్కువ. వంపులున్న ప్రతిచోటా మిషన్ నెమ్మదిస్తుంది, తెలుగు అక్షరమంతా వంపులే. మొదటి రెండు మూడు బోర్డులకు గడియారం చూసి, ఆ సమయాన్ని సరిచేసే స్కేల్ ఫ్యాక్టర్‌ని మీ మిషన్‌కి తగ్గట్టు పెంచుకోండి. ఆ తర్వాతే గిరాకీకి ఫలానా టైముకి ఇస్తామని మాట ఇవ్వండి.