ఫైలు ఎవరి చేతిలో ఉంది? మూడు ఆఫీస్ సూట్లు ఏళ్ల తరబడి వాడాక

మైక్రోసాఫ్ట్ 365, గూగుల్ వర్క్‌స్పేస్, లిబ్రెఆఫీస్ మూడింటినీ రోజూ వాడేవాళ్లకు కొన్నాళ్లకు ఒక సంగతి అర్థమవుతుంది. ఉత్తరం టైపు చేయడానికి, మామూలు లెక్కల షీటు వేసుకోవడానికి మూడింట్లో ఏదైనా చాలు. ఫైలు ఎక్కడ ఉంటుంది, చందా ఆపేస్తే ఏమవుతుంది అన్న దగ్గరే అసలు తేడా. కంపెనీల వ్యాపారమూ అక్కడే నడుస్తోంది.

2011లో మైక్రోసాఫ్ట్ చందా పద్ధతిలో ఆఫీస్ 365 (ఇప్పటి మైక్రోసాఫ్ట్ 365) తెచ్చేదాకా ఒకసారి కొంటే పాతబడేదాకా వాడుకోవడమే. పాత వెర్షన్‌తో పని జరిగిపోయేవాడు కొత్తది కొనడు, కంపెనీకి అదే ఇబ్బంది. చందాతో అది తీరింది. ఒకేసారి కొనే వెర్షన్‌ను ఎత్తేయలేదు కానీ దాని ఆయుష్షు తగ్గిస్తూ వచ్చారు. ఆఫీస్ 2016కు పదేళ్ల సపోర్టు ఉండేది. 2019కి ఏడేళ్లే, 2021 నుంచి ఐదే. అందుకే 2016, 2019 రెండిటికీ ఒకే రోజున, 2025 అక్టోబరు 14న, సపోర్టు ఆగిపోయింది.

పనితనంలో ఎక్సెల్‌దే పైచేయి, అందులో సందేహం లేదు. 10,48,576 వరసలు, వాటికి మించిన డేటాను తెచ్చి సర్దడానికి పవర్ క్వెరీ అనే సాధనం, కావలసిన విలువ వెతికిపెట్టే ఎక్స్‌లుకప్ లాంటి ఫార్ములాలు ఉన్నాయి. పాత లోపం మాత్రం అలాగే ఉంది: సంఖ్యలో 15 అంకెలే నిలుస్తాయి. 16 అంకెల ఖాతా నంబరు పేస్ట్ చేస్తే చివరి అంకె సున్నా అయిపోతుంది, ఏ హెచ్చరికా రాదు. పేస్ట్ చేసే ముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చాలి, తర్వాత మారిస్తే పోయిన అంకె తిరిగిరాదు. ఇక చందా గడువు దాటి కొన్నాళ్లయితే డెస్క్‌టాప్ ప్రోగ్రాముల్లో ఫైలు చూడొచ్చు, ప్రింటు తీసుకోవచ్చు, దిద్దడం మాత్రం కుదరదు.

నలుగురు కూర్చుని ఒకే పత్రం దిద్దాలంటే గూగుల్ డాక్స్ అంత హాయిగా ఇంకేదీ ఉండదు. దాని చిక్కు కంటికి కనబడదు. కంప్యూటర్‌లో డ్రైవ్ ఫోల్డర్ తెరిస్తే జీడాక్, జీషీట్ అనే ఫైళ్లు కనిపిస్తాయి. ఒకదాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. నాలుగు ముక్కలు ఉంటాయి, అవీ పత్రం ఎక్కడుందో చెప్పే గుర్తులే. పత్రంలోని ఒక్క వాక్యం కూడా అందులో లేదు. ఆ ఫోల్డర్‌ను హార్డ్ డిస్క్‌కు కాపీ చేసి బ్యాకప్ తీశామనుకుంటే పొరపాటే. మన డేటా దించుకోవడానికి గూగుల్ ఇచ్చే టేక్‌అవుట్ పేజీలోకి వెళ్లి, డ్రైవ్ ఎంచుకుని, ఫార్మాట్ల దగ్గర వర్డ్, ఎక్సెల్ రకాలు పెట్టి దించుకోవాలి.

అలా దించినా అన్నీ రావు. వేరే షీటు నుంచి డేటా లాగే ఇంపోర్ట్‌రేంజ్, డేటాను వడకట్టే క్వెరీ లాంటి గూగుల్ షీట్స్ ఫార్ములాలు ఎక్సెల్‌లో లేవు. ఆ గడి మీద క్లిక్ చేస్తే ఇఫ్‌ఎర్రర్ లోపల డమ్మీఫంక్షన్ అని కనిపిస్తుంది, దించిన రోజు విలువ పక్కనే ఉంటుంది. అంకె సరిగ్గానే కనబడుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, కానీ అది ఇక మారదు. దించిన ప్రతి షీటులో కంట్రోల్ ఎఫ్ కొట్టి, ఫార్ములాల్లో డమ్మీఫంక్షన్ అన్న పేరు వెతకడం తప్పనిసరి.

2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి విడిపోయిన లిబ్రెఆఫీస్‌లో చందా లేదు, ఖాతా లేదు, ఫైలు మీ డిస్క్‌లోనే. వచ్చే తగాదా ఫాంట్లతో. కాలిబ్రి లేనిచోట అదే కొలతలున్న కార్లిటో వాడుతుంది కాబట్టి పేజీలు కదలవు. వర్డ్ కొత్త డిఫాల్టు ఆప్టోస్ లేకపోతే మాత్రం లైన్లు జరిగి, సంతకం చోటు తర్వాతి పేజీకి పోతుంది. బయటికి పంపేటప్పుడు పీడీఎఫ్‌గా ఎగుమతి చేస్తూ హైబ్రిడ్ పీడీఎఫ్ అన్న ఆప్షన్ టిక్ చేస్తే ఓడీఎఫ్ (లిబ్రెఆఫీస్ సొంత ఫార్మాట్) మూలప్రతి కూడా అందులోనే ఇమిడిపోతుంది. అందుకున్నవాళ్లు చదువుకుంటారు, మీరు అదే ఫైలును మళ్లీ దిద్దుకోవచ్చు. ఇంత మంచి సౌకర్యం గురించి తెలిసినవాళ్లు తక్కువ, బాధగా ఉంటుంది.

ఇప్పుడు పోటీ ఏఐ మీదికి మళ్లింది. 2023 నవంబరులో మైక్రోసాఫ్ట్ వాళ్లు పెద్ద సంస్థలకు తమ ఏఐ సహాయకుడు కోపైలట్‌ను మనిషికి నెలకు 30 డాలర్ల అదనపు ధరతో మొదలుపెట్టారు. 2025 జనవరిలో గూగుల్ తన ఏఐ జెమినిని వర్క్‌స్పేస్ వ్యాపార ప్లాన్లలోనే కలిపి ధర పెంచింది. అదే నెలలో మైక్రోసాఫ్ట్ ఇంటి ప్లాన్లలో కోపైలట్ చేర్చి ధర పెంచింది. అడిగినా అడక్కపోయినా బిల్లులో చేరింది. ఎక్సెల్‌లో కోపైలట్ వచ్చిన కొత్తలో ఫైలు వన్‌డ్రైవ్‌లోనో షేర్‌పాయింట్‌లోనో ఉండి, ఆటోసేవ్ ఆన్‌లో ఉంటేనే పనిచేసేది. మీటలు ఎన్ని మారినా ఫైలును తమ దగ్గరికి రప్పించుకోవడమే వ్యూహమని అక్కడే తేలిపోయింది. జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టెయిన్ రాష్ట్రం సుమారు 30,000 ప్రభుత్వ కంప్యూటర్లను లిబ్రెఆఫీస్‌కు మారుస్తామని 2024లో ప్రకటించింది కూడా ఈ పట్టు వదిలించుకోవాలనే.

ఏ సూట్ తీసుకున్నా, చందా కట్టే ముందు మీ దగ్గరున్న అతి పెద్ద షీటును, ఎక్కువ కామెంట్లున్న పత్రాన్ని బయటికి దించి, నెట్ ఆపేసి, వేరే ప్రోగ్రాములో తెరవండి. ఏది విరిగిందో రాసి పెట్టుకోండి. బయటికి రావాల్సిన రోజున మీకు పట్టే ఖర్చు ఆ కాగితం మీదే ఉంటుంది.