ముదరని ఫ్లక్స్: హైడ్రోజనేటెడ్ రోజిన్ వాడుతున్న ఒక రిపేరువాడి మాట

శ్రుతి బాక్సులు, ఎలక్ట్రానిక్ తంబురాలు, చిన్న ఆంప్లిఫయర్లు రిపేరు చేస్తాను. చెన్నై మాంబళంలో షాపు. సోల్డర్ చేసేటప్పుడు కరిగిన సీసం (సోల్డర్) లోహానికి బాగా అతకడానికి పూసేది ఫ్లక్స్, పని అయ్యాక దాని పొర బోర్డు మీద ఉండిపోతుంది. మామూలు రోజిన్ ఫ్లక్స్ మానేసి హైడ్రోజనేటెడ్ రోజిన్‌తో చేసినది పట్టుకుని చాలా కాలమైంది. మారింది ఒక్క రంగు కోసం. ఇప్పటికీ ఆ సీసా అంటే నాకు ఇంత ఇష్టం ఉండటానికి కారణం కూడా అదే.

మామూలు రోజిన్ వేసిన రోజున లేత పసుపుగా ముచ్చటగానే ఉంటుంది. కొన్నాళ్ళు పోయాక మాడిన బెల్లం పాకంలా తయారవుతుంది. అందం పోతే పోయింది, దాని గురించి నాకు బాధ లేదు. నా పనిలో బోర్డు మీద గోధుమ మరక కనిపిస్తే దానికి సవాలక్ష అర్థాలుంటాయి. కెపాసిటర్ కారిందా? లోపలి సెల్లు కారి రాగిని తినేసిందా? రెగ్యులేటర్ వేడికి బోర్డు కమిలిందా? లేక ఎప్పుడో ఎవరో పూసిన రోజినేనా? తేల్చుకోవాలంటే ప్రతి మరకనూ ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనే స్పిరిట్) కడగాలి. డిసెంబరు, జనవరిల్లో వచ్చే మార్గళి కచేరీల ముందు షాపు నిండా పెట్టెలు పేరుకుపోయి ఉన్నప్పుడు ఈ కడుగుడు ప్రాణం తీస్తుంది.

పైన్ చెట్టు జిగురులోంచి టర్పెంటైన్ తీసేశాక మిగిలే గట్టి పదార్థమే రోజిన్. మన దేశంలో హిమాచల్, ఉత్తరాఖండ్ చీర్ పైన్ అడవులనుంచి వస్తుంది. అందులో ముఖ్యమైనది అబీటిక్ ఆమ్లం. దాని అణువులో రెండు డబుల్ బాండ్లు జంటగా ఉంటాయి, గాలిలోని ఆక్సిజన్ వచ్చి పట్టుకునేది అక్కడే. వేడి తోడైతే ఆ పని ఇంకా త్వరగా జరుగుతుంది. రంగు ముదరడానికీ, పాతబడ్డ రోజిన్‌ తేడాగా వాసన రావడానికీ మూలం అదే. పల్లాడియం, నికెల్ లాంటి ఉత్ప్రేరకం పెట్టి, ఒత్తిడి మీద హైడ్రోజన్ ఎక్కిస్తే ఆ డబుల్ బాండ్లు తగ్గిపోతాయి. ఇక ఆక్సిజన్‌కు అంత సులువుగా పట్టు దొరకదు.

ఇక్కడ ఒక్కమాట. చెన్నైలో ఎలక్ట్రానిక్ సరుకు అమ్మే రిచీ స్ట్రీట్‌లో హైడ్రోజనేటెడ్ అడిగితే 'డబ్ల్యూ డబ్ల్యూ గ్రేడ్ తీసుకోండి సార్, అదీ ఇదీ ఒకటే' అంటారు. ఒకటి కాదు. డబ్ల్యూ డబ్ల్యూ అనేది రోజిన్ రంగును కొలిచే గ్రేడు, నీళ్ళలా తేటగా ఉందని అర్థం. అది ఇవాళ్టి రంగు మాత్రమే. తేటగా ఉన్న మామూలు రోజిన్‌లో కూడా ఆ డబుల్ బాండ్లు అలాగే ఉంటాయి, కొన్నాళ్ళకు అదీ ముదురుతుంది.

ఇది ఎంత పనికొచ్చిందో ఒక పెట్టె సంగతి చెబుతాను. కోడంబాకంలో పాఠాలు చెప్పే వీణ టీచరమ్మగారిది. వర్షాలు తగ్గాక తీసుకొచ్చారు. 'నాయనా, శ్రుతి ఉన్నట్టుండి ఆగిపోతోంది, వైరు కదిపితే మళ్ళీ వస్తోంది. పిల్లల ముందు పరువు పోతోంది' అన్నారు. 'కూర్చోండమ్మా, చూస్తాను' అని విప్పాను. ఆ బోర్డు మీద పాత ఫ్లక్స్‌తో నేను వేసిన జాయింట్లూ ఉన్నాయి, కొత్తదానితో వేసినవీ ఉన్నాయి. వాల్యూమ్ తిప్పే పాట్ దగ్గర పాతవి గోధుమ రంగు గడ్డలు, కింద ఏముందో దేవుడికే తెలియాలి. అడాప్టర్ సాకెట్ దగ్గర కొత్తది, పల్చటి గాజు పొరలా ఉంది. లెన్స్ పెట్టి లైటు వాల్చి చూశాను. ఆ పొర కిందే, సాకెట్ పిన్ను చుట్టూ వెంట్రుకంత నల్లటి గీత. పూర్తి చుట్టు కూడా కాదు, ముప్పాతిక. రోజూ ప్లగ్గు పెట్టి తీసే బరువంతా ఆ పిన్ను మీదే పడుతుంది, అక్కడ జాయింట్ చీలడం మామూలే. పాత సీసం పీకేసి మళ్ళీ సోల్డర్ చేసి, ఈసారి సాకెట్ కదలకుండా బిగించి ఇచ్చాను. ఆవిడ పక్క హోటల్లో తెప్పించిన కాఫీ తాగడం ముగించేలోపే పని అయిపోయింది. అదే మామూలు రోజిన్ అయ్యుంటే ముందు రెగ్యులేటర్‌ను అనుమానించేవాణ్ణి, తర్వాత కెపాసిటర్లను. పెట్టె రెండు రోజులు నా దగ్గరే ఉండిపోయేది.

అలాగని అన్ని పనులకూ ఇదే వాడమని చెప్పలేను. నేను తెచ్చే రకంలో యాక్టివేటర్, అంటే లోహం మీది తుప్పును కరిగించే మందు, లేదు. అందువల్ల తుప్పు పట్టిన పాత రాగి మీద సీసం పారదు, గుండ్లు కట్టి నిలబడుతుంది. ముందు పిన్నులూ ట్రాకులూ బాగా గీకి శుభ్రం చేయాలి. వాల్వు రేడియో ఛాసీలకు ఇప్పటికీ నేను యాక్టివేటెడ్ ఫ్లక్సే వాడతాను, పని అయ్యాక కడిగేస్తాను.

వాసన నిజంగానే తగ్గింది. ముక్కు మండించే ఘాటు లేదు, సాయంత్రానికి తల పట్టేయడం కూడా తగ్గింది. కానీ వాసన తగ్గిందని పొగ తగ్గినట్టు కాదు. రోజిన్ పొగ ఉబ్బసం తెస్తుందన్నది ఈ రంగంలో అందరికీ తెలిసిన సంగతే, హైడ్రోజనేటెడ్ అనగానే దానికి మినహాయింపు లేదు. పొగ లాగే ఫ్యాను నా బెంచీ మీద ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది.

ఇంకొకటి మన చెన్నై గాలి. ఈ రోజిన్‌ను కరిగించి ఉంచేది ఐపీఏలోనే, అది తేమను పీల్చుకుంటుంది. మూత సరిగ్గా బిగించకపోతే ద్రవం మబ్బుగా అవుతుంది, పూసి వేడి పెడితే చిటపటమంటుంది. అది రోజిన్ తప్పు కాదు, తేమది. అందుకే పెద్ద సీసా కొనకండి. బోర్డు మీద పొరను సగం సగం తుడిచినా తెల్లటి మచ్చ మిగులుతుంది. కడిగితే పూర్తిగా కడగాలి, లేదంటే అసలు ముట్టుకోకూడదు.

ధర మామూలుదానికి రెట్టింపు దాకా ఉంటుంది. నేను రిపేరు చేసిన పెట్టె మళ్ళీ నా దగ్గరికే వస్తుంది కాబట్టి నాకు గిట్టుబాటవుతోంది. ఒకసారి అమ్మేసి మళ్ళీ చూడని బోర్డులకు ఇంత డబ్బు పెట్టాలా అంటే, నేనైతే పెట్టను. బ్రాండ్ పేరు అడగొద్దు. నేను కొనే షాపులో పెద్ద డబ్బాలోంచి చిన్న సీసాల్లో పోసి ఇస్తారు. అందుకే కొత్త సీసా తెచ్చినప్పుడల్లా తెల్ల టైలు ముక్క మీద దీనిదొక చుక్క, పక్కన మామూలు ఫ్లక్స్ చుక్క వేసి కిటికీలో ఎండకు వదిలేస్తాను. మామూలు చుక్క రంగు ముదిరేసరికి ఇది తేటగానే ఉంటే సరుకు అసలుదే. రెండూ ఒకే రంగుకు తిరిగితే సీసా వెనక్కి ఇచ్చేస్తాను.