షష్టిపూర్తి ఫోటోలకి అడ్వాన్సు కొట్టే ముందు ఒక్కసారి ఇది చదవండి

మా నాన్నగారి షష్టిపూర్తికి అమ్మానాన్నలకి మంచి ఫోటో తీయిద్దామనుకున్నాం. పెళ్లినాటిది తప్ప, ఇద్దరూ పద్ధతిగా కూర్చుని దిగిన ఫోటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఈ చుట్టుపక్కల స్టూడియోనే మాట్లాడుకున్నాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు.

ప్యాకేజీ 18 వేలు. 2 గంటల షూట్, ఎడిట్ చేసిన 30 ఫోటోలు, ఒక ఆల్బమ్, గోడకి 20×30 ఫ్రేము. 10 వేలు ఫోన్‌పే కొట్టాను. రసీదు అడిగితే "వాట్సాప్‌లో పెట్టాం కదా మేడమ్" అన్నారు. నేనూ ఊరుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను.

పొద్దున్న 6.30కి వస్తామన్నారు. అమ్మ 6 గంటలకే పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని కూర్చుంది. నాన్నగారు చొక్కా నలుగుతుందని కుర్చీలో ఆనుకోను కూడా లేదు. వాళ్లు వచ్చింది 9.40కి. వచ్చింది కూడా నాతో మాట్లాడినాయన కాదు. ఆయన తీసిన శాంపిళ్లు చూసే నేను ఒప్పుకున్నాను మరి. ఒక కుర్రాడు, ఒక కెమెరా, అంతే. లైటూ లేదు, రిఫ్లెక్టరూ లేదు. ఆ కుర్రాడి మీద నాకేం కోపం లేదండీ, ఆ రోజు ఇంకో రెండు చోట్లకి వెళ్లాలట పాపం.

ఎండెక్కాక కొబ్బరితోటలో నిలబెట్టాడు. మన వైపు తోట చూస్తే ఫోటోకి భలే ఉంటుందనిపిస్తుంది గానీ, మట్టల సందుల్లోంచి పడే ఎండ మొహాన్ని చారలు చారలు చేసేస్తుంది. కళ్ల కింద నల్లటి గుంటలు. పైగా వైడ్ లెన్సుతో మీదకొచ్చి తీశాడేమో, నాన్నగారి ముక్కు ముందుకొచ్చేసింది. 40 నిమిషాల్లో సర్దేసుకుని వెళ్లిపోయాడు.

ఇదంతా ఒక ఎత్తు, 3 వారాలకి వచ్చిన ఫోటోలు ఒక ఎత్తు. నాన్నగారు చేలగట్ల మీద, చెరువుగట్ల మీద ఎండలో తిరిగిన మనిషి. ఆయనకి సున్నం కొట్టినట్టు తెలుపు పులిమారు. అమ్మ ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ ఉంటుంది. చిన్నప్పుడు మా తమ్ముడు దాని మీద వేలు పెట్టుకునే నిద్రపోయేవాడు. అది తుడిచేశారు. అమ్మ ఫోను కళ్లకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, "బాగానే ఉందిలే, మీ పిన్నిలా ఉన్నాను" అంది.

మచ్చ మళ్లీ పెట్టమంటే ఫోటోకి 300 అవుతుందన్నారు.

ఫైళ్లన్నీ మామూలుగా వాట్సాప్‌లో పంపారు. పొడుగు వైపు 1600 పిక్సెళ్లు. 30 అంగుళాల ఫ్రేముకి అంగుళానికి 53 చుక్కలే పడతాయి, ఇంక ఆ బొమ్మ ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. పెన్‌డ్రైవ్‌లో గానీ, వాట్సాప్‌లోనే డాక్యుమెంటుగా గానీ పంపితే సైజు తగ్గదు. రా ఫైళ్లు (కెమెరాలో పడ్డవి పడ్డట్టు, ఎడిట్ చేయనివి) మేం ఇవ్వం అన్నారు, దానికి మాత్రం నేను తప్పు పట్టను, చాలామంది ఇవ్వరు. కానీ ఎడిట్ చేసినవి పూర్తి సైజులో ఇవ్వాలి కదా.

ఈలోగా మా అమ్మానాన్నల ఫోటో వాళ్ల ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకున్నారు, మాకు మాటమాత్రం చెప్పకుండా. అడిగితే "మేం తీసిన ఫోటో, హక్కు మాది" అన్నారు. కాదండీ. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే, వేరే ఒప్పందం లేకపోతే. అందుకే వాళ్లిచ్చే ఫారంలో ఆ వేరే ఒప్పందం ఎక్కడైనా దాక్కుందేమో చూసుకుని సంతకం పెట్టండి.

తర్వాత మా అత్తగారి ఊరి నుంచి ఒక పెద్దాయన్ని పిలిచాం. ఆయన ముందురోజు సాయంత్రమే వచ్చి ఇల్లంతా తిరిగి, వెలుతురు ఎటు నుంచి వస్తుందో చూసి, వీధరుగు ఖాయం చేశారు. సన్నగళ్ల చొక్కా కెమెరాలో మిలమిల్లాడుతుంది, సాదాది వేసుకోండి అన్నారు. నాన్నగారి కళ్లద్దాల్లో మెరుపు పడుతుంటే గడ్డం కాస్త దించమన్నారు. మొదటి అరగంట కెమెరా బయటికి తీయలేదు, ఆయనా నాన్నగారూ రొయ్యల కౌంటు (కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్క) మీద కబుర్లు. మా ఇంట్లో ఇప్పుడు గోడ మీదున్న ఫోటో, కౌంటు 50 రేటు విని నాన్నగారు నవ్వినప్పటిది. అమ్మ పుట్టుమచ్చ దాని చోట అది ఉంది.

అడ్వాన్సుకి ముందు కాగితం మీద రాయించుకోండి: ఎవరు తీస్తారు, ఎన్నింటికి వస్తారు, ఆలస్యమైతే ఏంటి, ఏ సైజు ఫైళ్లు, ఎన్నాళ్లలో, ఎన్నిసార్లు సరిదిద్దుతారు. ముఖ్యంగా మొహంలో ఏది ముట్టుకోకూడదో. శాంపిళ్లలో ఒకే ఇంటివాళ్ల ఆల్బమ్ మొదటి షీటు నుంచి చివరిదాకా చూపించమనండి. ఏరిన పది ఫోటోలు ఎవరివైనా బాగుంటాయి.

మిగతా 8 వేలు నేనివ్వలేదు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, 5 లక్షల లోపు వాటికి అక్కడ ఫీజు లేదు, 2 ఏళ్ల లోపు వేయాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫోటో మాత్రం నిన్న తీసేశారు. డబ్బు సంగతి తేలాక ఇక్కడే రాస్తాను.