ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు రౌండు: ఫైలు చూసే రౌండుకి రెండు, మంచం చూసే రౌండుకి నాలుగు

ఆసుపత్రిలో రోగులకి ఇన్ఫెక్షన్ సోకకుండా చూసే ఇన్ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్ తనిఖీకి వార్డుకి వస్తున్నారని తెలిస్తే ముందు కదిలేవి హ్యాండ్‌రబ్ సీసాలు. ఖాళీవి మాయమై నిండువి వెలుస్తాయి. ఆ అరగంటసేపు అందరూ చేతులు తెగ రుద్దుకుంటారు. అందుకే ప్రతి వారం ఒకే రోజు, ఒకే టైముకి వచ్చి, రిజిస్టరులో టిక్కులు పెట్టి వెళ్లే రౌండుకి ఐదుకి రెండు మార్కులే. చెప్పాపెట్టకుండా ఉదయం డ్రెస్సింగుల వేళో, నైట్ డ్యూటీలోనో వచ్చే రౌండుకి నాలుగు ఇవ్వొచ్చు.

తేడా ఒక్క క్యాన్యులా (మందులు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం) దగ్గరే తెలిసిపోతుంది. సూది దిగిన చోటు కనబడకుండా మందపాటి ప్లాస్టరు చుట్టేస్తే, లోపల ఎర్రబడిందో వాచిందో ఎవరికి తెలుస్తుంది? చర్మం కనబడే డ్రెస్సింగు ఉండాలి, పక్కన అది ఎప్పుడు పెట్టారో తేదీ, టైము రాసుండాలి. అనుభవమున్న సిస్టర్ అక్కడితో ఆగరు, ‘ఇది ఇంకా అవసరమా?’ అని అడుగుతారు. ఇంజెక్షన్లు ఆపేసి మాత్రలకి మార్చాక కూడా చేతికి క్యాన్యులా అలాగే ఉండిపోవడం మామూలే మరి.

యూరిన్ బ్యాగు మూత్రాశయం కంటే కిందే ఉండాలి, నేలకి మాత్రం తగలకూడదు. వార్డులో బాగానే వేలాడుతుంది. స్కానింగుకి తీసుకెళ్లేటప్పుడే స్ట్రెచర్ మీద రోగి పొట్టపైకి చేరుతుంది, ట్యూబులోని మూత్రం వెనక్కి మళ్లుతుంది. గుమ్మం దాటని రౌండుకి ఇది దొరకదు.

మందుల ట్రాలీలో మల్టీడోస్ వయల్ (చాలాసార్లు మందు తీసే చిన్న సీసా) రబ్బరు మూతకి సూది గుచ్చి వదిలేశారా చూడాలి. ఆ సూదే క్రిములకి తెరిచిన తలుపు. ప్రతిసారీ కొత్త సూది, కొత్త సిరంజి వాడాలి; మూతని 70 శాతం ఆల్కహాల్ స్వాబ్‌తో తుడిచి ఆరనివ్వాలి. పదునైనవి వేసే తెల్ల డబ్బా ముప్పావు వంతు నిండగానే మూసేయాలి. తర్వాత కూడా కుక్కితే గుచ్చుకునేది ఆయమ్మ చేతికే.

హైపో (క్రిముల్ని చంపే సోడియం హైపోక్లోరైట్ ద్రావణం) దగ్గర అన్నీ కంటి కొలతలే. 1 శాతం ద్రావణానికి, క్యాన్ మీద 5 శాతం అని ఉంటే ఒక పాలుకి నాలుగు పాళ్ల నీళ్లు. 10 శాతమైతే తొమ్మిది పాళ్లు. అంటే 5 లీటర్ల బకెట్‌కి 10 శాతం హైపో అరలీటరు, నీళ్లు నాలుగున్నర లీటర్లు. క్లోరిన్ ఎగిరిపోతుంది కనుక నిన్న కలిపింది ఇవాళ పనికిరాదు. రక్తం ఒలికితే ముందు గాజ్ గుడ్డతోనో పేపరుతోనో పీల్చి తీసేసి, ఆ చోట హైపో పోసి పది నిమిషాలు వదలాలి. పోసిన వెంటనే తుడిచేస్తే మిగిలేది వాసనే.

ఈ సేవలో పెద్ద లోపం రౌండు అయ్యాక బయటపడుతుంది. తప్పులన్నీ ఆయమ్మల ఖాతాలో పడతాయి, రెండో రోగిని ముట్టుకునే ముందు చేతులు శుభ్రం చేసుకోని పెద్ద డాక్టరు పేరు రిపోర్టులోకి ఎక్కదు. మీ వార్డులో రౌండు ఎలా నడుస్తోందో తెలియాలంటే పోయిన నెల రిపోర్టు తీసి, అందులో రాసిన హ్యాండ్‌రబ్ స్టాండు ఇవాళ మంచం దగ్గర ఉందో లేదో చూడండి.