టానిక్ వాటరా, సోడానా, బార్లీ నీళ్ళా? గోధుమ పడనివాళ్ళకు ఏది మేలు

స్నేహితురాలి సంగీత్‌కి వెళ్ళిన మా మేనకోడలు రాత్రి పది దాటాక ఫోన్ చేసింది. వెనక డీజే మోత. "అత్తా, టానిక్ వాటర్ తాగొచ్చా? ఇక్కడ కౌంటర్లో నాకు పనికొచ్చేలా అదీ సోడా తప్ప ఏమీ కనబడట్లేదు." తాగొచ్చమ్మా అన్నాను. "చేదుగా ఉంటుందట కదా, బీరులాగా బార్లీ ఏమైనా..." అని నసిగింది. బార్లీ లేదు, అది చెట్టు బెరడు చేదు, భయపడకు అని చెప్పాను. సరే అని పెట్టేసింది.

దానికి సీలియాక్ జబ్బు అని, అంటే గోధుమలాంటి ధాన్యాల్లోని ఒక మాంసకృత్తు తగిలితే చిన్నపేగు దెబ్బతినే జబ్బని, తేలి ఇంకా నాలుగు నెలలు కాలేదు. నాకు తేలి తొమ్మిదేళ్ళు. అప్పట్లో ఇలాంటి సందేహం వస్తే ఫోన్ చేసి అడగడానికి మా ఇంట్లో ఎవరూ లేరు. దక్షిణాదిన ఈ జబ్బు అరుదు. 2016లో వచ్చిన ఒక పెద్ద సర్వే ప్రకారం ఈ జబ్బును సూచించే యాంటీబాడీలు రక్తంలో ఉన్నవాళ్ళు ఉత్తర భారతంలో నూటికి ఒకరికి పైగా ఉంటే, మన వైపు వెయ్యికి ఒకరు. జబ్బుకు దారితీసే జన్యువులు రెండు వైపులా ఇంచుమించు ఒకే మోతాదులో ఉన్నాయని, పెద్ద తేడా కనిపించింది తినే గోధుమ మోతాదులోనని అదే సర్వే చెప్పింది. అన్నం తినే ఇళ్ళు కాబట్టి మనకు దీని గురించి మాట్లాడే అలవాటే లేదు. ఆ రాత్రి దానికి ఒక్క ముక్కలో చెప్పినది ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ముందు టానిక్ వాటర్ సంగతి. గ్యాస్ ఎక్కించిన నీళ్ళు, చక్కెర, సిట్రిక్ యాసిడ్, చేదునిచ్చే క్వినైన్, రుచికోసం కొంచెం వేసే ఎసెన్సులు. అంతే. ఇందులో గోధుమ లేదు, బార్లీ లేదు, రై అనే విదేశీ ధాన్యమూ లేదు. గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉండేది ఈ మూడు ధాన్యాల కుటుంబంలోనే. సిట్రిక్ యాసిడ్ పేరు చూసి కొందరు జంకుతారు. చక్కెర మడ్డిలాంటి వాటి మీద ఒక రకం బూజును పెంచి దాన్ని తీస్తారు, దానివల్ల మనకు ఇబ్బంది లేదు.

మనకు తికమక తెచ్చేది "టానిక్" అనే మాటే. మన ఇళ్ళలో టానిక్ అంటే మందుల షాపులో దొరికే బలం సీసా. వాటిలో కొన్ని నిజంగానే మాల్ట్ సారంతో చేసినవి. మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం, ఎక్కువగా బార్లీ. కాబట్టి ఆ టానిక్‌కీ ఈ టానిక్ వాటర్‌కీ పేరులో తప్ప పోలిక లేదు. గ్లూటెన్ విషయంలో రెండోది నిశ్చింతగా తాగొచ్చు, మొదటిదాని లేబుల్ అక్షరం వదలకుండా చదవాలి.

క్వినైన్ సింకోనా చెట్టు బెరడులోంచి వస్తుంది. 1820లో ఇద్దరు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్తలు పెల్తియే, కావంతూ దాన్ని విడదీశారు. మలేరియాకు అదే మందు కావడంతో బ్రిటిష్‌వాళ్ళు 1860ల్లో నీలగిరుల్లో సింకోనా తోటలు వేయించారు. చేదు మింగలేక నీళ్ళలో చక్కెరతో కలుపుకుని తాగే అలవాటు సీసాల్లోకి ఎక్కింది. అన్నట్టు, ఆ మలేరియా దోమ ద్వారా సోకుతుందన్న రుజువుకు మూలమైన పరిశోధన జరిగింది మన సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో ఆ పరాన్నజీవిని చూశాడు. బేగంపేట వైపు వెళ్ళినప్పుడల్లా నాకు అది గుర్తొస్తుంది.

మరి టానిక్ వాటరూ సోడా పక్కపక్కన పెడితే? గ్లూటెన్ లెక్కలో రెండూ సమానం, రెంటిలోనూ సున్నా. సోడా అంటే నీళ్ళు, గ్యాసు, కొన్నిటిలో చిటికెడు ఖనిజ లవణాలు. గోలీ సోడా అయినా అంతే, కాకపోతే ఏ నీళ్ళతో నింపారో చూసుకోవాలి. తేడా మిగతా విషయాల్లో వస్తుంది.

చక్కెర మొదటిది. మామూలు టానిక్ వాటర్లో బ్రాండును బట్టి 100 మి.లీ.కి 5 నుంచి 9 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. 8 గ్రాములనుకుంటే 200 మి.లీ. గ్లాసులో 16 గ్రాములు, అంటే నాలుగు టీస్పూన్లు. చేదు దాన్ని కప్పేస్తుంది కాబట్టి నాలుకకు తెలియదు. కూల్‌డ్రింకు వద్దు, ఇది ఆరోగ్యం అనుకుని మూడు గ్లాసులు తాగేవాళ్ళను చూశాను. వాళ్ళు తాగింది కూల్‌డ్రింకే. చక్కెర లేని రకాలూ వస్తున్నాయి, వాటిలో కృత్రిమ తీపి వేస్తారు. గ్లూటెన్ వాటిలోనూ ఉండదు.

రెండోది క్వినైన్. అమెరికాలో లీటరుకు 83 మిల్లీగ్రాములు మించకూడదని నియమం. మలేరియాకు పెద్దవాళ్ళకు ఇచ్చే మోతాదు రోజుకు దాదాపు 1800 మిల్లీగ్రాములు, అంటే మందు మోతాదు అందాలంటే 20 లీటర్లకు పైగా టానిక్ తాగాలి. కాబట్టి అది మందూ కాదు, ఆరోగ్యవంతులకు ఓ గ్లాసు ప్రమాదమూ కాదు. అయితే క్వినైన్ పడనివాళ్ళు కొందరుంటారు. కొద్దిపాటి క్వినైన్‌కే రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోయే ఎలర్జీ అరుదుగా ఉంది. గుండె లయ మందులు, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్ళు, గర్భిణులు డాక్టరును అడగకుండా దీన్ని అలవాటు చేసుకోకూడదు. కాళ్ళు పట్టేస్తుంటే టానిక్ వాటర్ తాగమని చుట్టాలు చెప్పే చిట్కా కూడా వదిలేయండి. ఆ నొప్పులకు క్వినైన్ వాడొద్దని అమెరికా ఔషధ సంస్థే హెచ్చరించింది.

ఇంకో మాట కొత్తగా ఆహారం మార్చుకున్నవాళ్ళకు. గ్యాసున్న పానీయం ఏదైనా మొదటి నెలల్లో పొట్ట ఉబ్బరించొచ్చు, చిన్నపేగు లోపలి నూగులాంటి పొర ఇంకా కోలుకోలేదు గనక. ఉబ్బరించగానే "గ్లూటెన్ తగిలిందేమో" అని కంగారు పడి, తిన్నదాన్నల్లా అనుమానించడం మొదలవుతుంది. నేను ఇలాగే ఒక ఏడాది గడిపాను. టానిక్ తాగి పొట్ట బిగిస్తే ముందు గ్యాసును, చక్కెరను అనుమానించండి.

కాబట్టి ఈ రెండింటిలో నా ఓటు సోడాకే. నిమ్మకాయ పిండి, ఉప్పు వేసుకుంటే రుచికి లోటుండదు. టానిక్ ఎప్పుడైనా ఒక గ్లాసు చాలు.

ఇక బీరు. దీని గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే తేలిక: వద్దు. మామూలు బీరంటేనే బార్లీ మాల్ట్. బియ్యం వేసి చేసే బీర్లలోనూ అడుగున ఉండేది బార్లీయే. మత్తు లేని మాల్ట్ పానీయాలు, పండు రుచి సీసాలు చూడ్డానికి కూల్‌డ్రింకుల్లా ఉంటాయి, కానీ వాటిలోనూ అదే బార్లీ. పార్టీల్లో పొరపాటు జరిగేది ఇక్కడే, ఎందుకంటే వాటిని సోడాల పక్కనే పెడతారు. ఎంజైములతో గ్లూటెన్ తగ్గించామని చెప్పే బార్లీ బీర్ల మీద నాకు నమ్మకం లేదు. పులిసినప్పుడు ముక్కలైన గ్లూటెన్‌ను పరీక్షలు సరిగ్గా పట్టుకోలేవు.

టానిక్ వాటర్‌తో కలిపి తాగే మద్యం జిన్ సంగతి వేరు. దాన్ని ధాన్యంతో చేసినా కాచి ఆవిరి పట్టి తీస్తారు. మాంసకృత్తు ఆవిరితో పైకి లేవదు, అడుగునే ఉండిపోతుంది. అందుకే తర్వాత ఏమీ కలపని జిన్ సాధారణంగా గ్లూటెన్ లేనిదే. తాటి కల్లు, ఈత కల్లులో ధాన్యమే లేదు, కల్తీ సంగతి వేరే చర్చ. వీటిలో ఏదీ తాగమని నేను చెప్పను, అడుగుతారని రాశానంతే.

అసలు నేను రాద్దామనుకున్నది ఇప్పుడు మొదలవుతుంది. తొమ్మిదేళ్ళలో నన్ను దెబ్బ కొట్టింది బార్ కౌంటరు మీద సీసా కాదు. మా వంటింట్లో స్టీలు గిన్నె.

జబ్బు తేలిన రెండో నెల. మే నెల ఎండలు, మూత్రంలో మంట. మా అత్తగారు ఎంతో ప్రేమగా బార్లీ కాచి, వడగట్టి, నిమ్మరసం పిండి, రోజుకు రెండు పెద్ద గ్లాసులు ఇచ్చారు. మూడు రోజులు తాగాను. చపాతీ మానేశాను, మైదా మానేశాను, బిస్కెట్ల వైపు చూడలేదు. బార్లీ మాత్రం నా దృష్టిలో ధాన్యమే కాదు, మందు. నాలుగో రోజు లేవలేకపోయాను. డాక్టరు ఏం తిన్నారని గుచ్చి గుచ్చి అడిగితే, చివరికి "తిన్నదేమీ లేదు, బార్లీ నీళ్ళే" అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టేశారు. అత్తగారికి ఆ సంగతి చెప్పడానికి నాకు వారం పట్టింది. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. తప్పు ఆవిడది కాదు. గోధుమ పడదు అని చెప్పాంగానీ బార్లీ కూడా అదే కుటుంబమని మాలో ఎవరూ చెప్పలేదు. వడగట్టినా గ్లూటెన్ నీళ్ళలో ఉండిపోతుంది.

టానిక్ వాటర్ పక్కన బార్లీ నీళ్ళు పెడితే, సీలియాక్ ఉన్నవాళ్ళకు టానిక్ వాటరే మేలు. ఊళ్ళో ఈ మాటంటే వింతగా చూస్తారు. రంగురంగుల సీసా మంచిదా, అమ్మ కాచిన జావ చెడ్డదా అంటారు. మిగతా అందరికీ బార్లీ నీళ్ళు మంచివే. మాకు విషం.

పిల్లలకు పాలలో కలిపే మాల్ట్ పొడులు కూడా ఈ లెక్కే. హార్లిక్స్ డబ్బా వెనక చదవండి, మాల్టెడ్ బార్లీ, గోధుమ పిండి అని రాసే ఉంటుంది. దాచిందేమీ లేదు, మనం చదవలేదంతే. రాగి మాల్ట్ మాత్రం పేరులో మాల్ట్ ఉన్నా రాగే, రాగిలో గ్లూటెన్ లేదు. ఇంట్లో మొలకెత్తించి చేసుకుంటే దివ్యంగా తాగొచ్చు. షాపులో కొన్న ప్యాకెట్టయితే గోధుమ, బార్లీ కలిపిన మిశ్రమమా అని చూడాలి. గోధుమలు ఆడించిన మరలోనే రాగులు పట్టించినా అంతే, ముందు పట్టిన పిండి మనదాంట్లోకి వస్తుంది.

సోడా కన్నా కూడా నాకు ఇష్టమైనవి కొబ్బరి బొండం, మజ్జిగ. బొండం గురించి చెప్పక్కర్లేదు, కత్తి తప్ప దానిలోకి ఏదీ వెళ్ళదు. మజ్జిగ విషయంలో రెండు జాగ్రత్తలు. పేగు దెబ్బతిని ఉన్న కొత్తలో కొందరికి పాలలోని చక్కెర అరగదు, పాలకన్నా పెరుగు నయం, అదీ కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి. రెండోది ఇంగువ. మనం వాడే పొడి ఇంగువ చాలా వరకు అసలు ఇంగువకు జిగురు, గోధుమ పిండి కలిపి చేసింది. తాలింపు మజ్జిగలో, చారులో, పులిహోరలో చిటికెడే పడుతుంది. కానీ గ్లూటెన్ లేనిది అనిపించుకోవడానికి మన దేశంలోనూ బయటా పెట్టిన హద్దు కిలోకు 20 మిల్లీగ్రాములు. అంత సన్నని గీత మీద మైదా చిటికెడు చిన్నదేమీ కాదు. బియ్యప్పిండితో చేసిన ఇంగువ దొరుకుతోంది, నేను అదే వాడుతున్నాను.

లేబుల్ చదివేటప్పుడు ఏ దేశంలో ఉన్నారో గుర్తుంచుకోండి. మన దగ్గర ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 నిబంధనల ప్రకారం ప్యాకెట్టు మీద ఎలర్జీ వరుసలో గ్లూటెన్ ఉన్న ధాన్యాలన్నీ ప్రకటించాలి, బార్లీతో సహా. అమెరికాలో ఆ వరుసలో గోధుమ ఒక్కటే తప్పనిసరి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ళు ఆ వరుసలో గోధుమ లేదని చూసి ఊరుకోకుండా, పైన పదార్థాల జాబితాలో మాల్ట్ అనే మాట కోసం వెతకాలి. మాల్టోడెక్స్ట్రిన్ కనబడితే మాత్రం కంగారొద్దు. పేరు దగ్గరగా ఉన్నా అది పిండి పదార్థాన్ని విడగొట్టి తీసింది, మాల్ట్ కాదు.

కౌంటరు దగ్గర టానిక్ అడిగినప్పుడు సీసా మీ ముందే తీయించుకోండి, కొత్త గ్లాసులో పోయించుకోండి. బీరు పోసిన గ్లాసు నీళ్ళలో ముంచి తీసి మళ్ళీ ఇవ్వడం రద్దీలో జరుగుతుంది.

మర్నాడు పెళ్ళి భోజనాల వేళ మా పిల్ల మళ్ళీ ఫోన్ చేసింది. ముందు రాత్రి ఒక గ్లాసు టానిక్, తర్వాత నిమ్మ సోడా తాగిందట, పొట్ట బాగానే ఉందట. "అత్తా, ఇప్పుడు తాలింపు మజ్జిగ పోస్తున్నారు, అదైతే పర్లేదు కదా?" వంటాయన్ని ఇంగువ డబ్బా చూపించమని అడుగు అన్నాను. వెళ్ళి అడిగింది. డబ్బా తిప్పి చూస్తే మైదా అని ఉంది. ఆయన ఏమీ విసుక్కోకుండా, తాలింపు పెట్టకముందు తీసిన పెరుగు గిన్నెలోంచి ఇన్ని నీళ్ళు, ఉప్పు వేసి చిలికి, దానికి విడిగా గ్లాసుతో ఇచ్చాడట.