మోటర్‌హోమ్ టైర్లు: ఆరూ ఒకేసారి మార్చాలా, విడతలుగా మార్చాలా?

వేసవి సెలవులు దగ్గరపడితే చాలు, ఈ ప్రశ్న మొదలవుతుంది. "టైర్ల గ్రిప్పు కొత్తవాటిలాగే ఉంది. మెకానిక్ మాత్రం మార్చమంటున్నాడు. ముందు వైపు రెండూ మార్చి ఈ ఏడాది గడిపేయవచ్చా?" కోవిడ్ రోజుల్లో అమెరికాలో పాత మోటర్‌హోమ్‌లు, అంటే ఇల్లులా కట్టిన బళ్లు, కొన్న తెలుగు కుటుంబాలు ఎన్నో. ఆ బళ్ల టైర్లకు ఇప్పుడు వయసు మీదపడింది. 2025 మార్చిలో ఈ లెక్క నేనే వేసుకోవలసి వచ్చింది కాబట్టి రాస్తున్నాను. మాది ఫోర్డ్ ఈ-450 చాసిస్ (అడుగు చట్రం) మీద కట్టిన క్లాస్ సి బండి, అంటే ముందు వ్యాను, వెనక ఇల్లు. 2014 మోడల్. ముందు రెండు, వెనక జంటలుగా నాలుగు. అన్నీ ఎల్‌టి (లైట్ ట్రక్) 225/75ఆర్16 సైజు, లోడ్ రేంజ్ ఈ (ఎంత బరువు మోస్తుందో చెప్పే గుర్తు).

గ్రిప్పు అరిగేదాకా ఆగుదామనే ఆలోచనను ముందే పక్కన పెట్టేస్తాను. లారీ టైరు అరిగి చస్తుంది, మన టైరు నిలబడి చస్తుంది. మా బండి ఏడాదికి 5,000 మైళ్లు తిరిగితే గొప్ప. 50,000 మైళ్లు వచ్చే టైరు ఆ లెక్కన అరగడానికి పదేళ్లు పడుతుంది. ఎండ, ఓజోన్ అంతకాలం ఆగవు. ఓజోన్‌ను తట్టుకోవడానికి రబ్బరులో మైనం లాంటి పదార్థాలు కలుపుతారు. టైరు తిరుగుతూ నలుగుతుంటేనే అవి పైకి వచ్చి పొరలా పట్టుకుంటాయి. నెలల తరబడి ఒకేచోట నిలబెడితే ఆ పొర ఏర్పడదు, పక్కగోడల మీద సన్నని బీటలు వస్తాయి. నాణెం పెట్టి గ్రిప్పు లోతు చూసుకుని మురిసిపోవడం కారుకు సరిపోతుంది, దీనికి కాదు.

కాబట్టి చూడవలసింది పుట్టినతేదీ. టైరు పక్కగోడ మీద అచ్చువేసిన డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు: మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మా బండికి బయటికి కనిపించే నాలుగు టైర్ల మీదా 1819 అని ఉంది, అంటే 2019 మే నెల. సుమారు ఆరేళ్లు. పర్వాలేదనుకున్నాను. లోపలి రెండిటి కోడ్ మాత్రం కనిపించలేదు. పూర్తి కోడ్ టైరుకు ఒకవైపే వేస్తే చాలు కాబట్టి, లోపలి టైరుకు అది చాలాసార్లు ఇరుసు వైపు తిరిగి ఉంటుంది. ఒక ఆదివారం పొద్దున పాత దుప్పటి పరుచుకుని, ఫోను లైటు వేసుకుని బండి కిందికి దూరాను. ఎర్రమట్టి పట్టిన పక్కగోడను తడిగుడ్డతో తుడిస్తే 4113 కనిపించింది. బండితోపాటు పుట్టిన టైరు, పన్నెండో ఏడు నడుస్తోంది. రెండోది కూడా అంతే. పాత యజమాని కంటికి కనిపించే నాలుగూ మార్చి, లోపలివి అలాగే వదిలేసి బండి అమ్మాడు. మూడేళ్లుగా వాటి మీదే పిల్లలను కూర్చోబెట్టుకుని కొలరాడో దాకా తిరిగొచ్చాం.

ఇక విడతల సంగతి. ముందు రెండూ మొదట మార్చమనేవారి వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ముందు టైరు పేలితే స్టీరింగ్ లాగేస్తుంది, బండి అదుపు తప్పుతుంది. వెనక ఒకటి పోయినా పక్కన ఇంకొకటి ఉంటుంది కదా అంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. తూకం వేయించాక ఆ నమ్మకం పోయింది.

మా బండి తలుపు పక్కన అతికించిన పట్టీ ప్రకారం వెనక ఇరుసు మోయగలిగేది 9,600 పౌండ్లు. ఈ సైజు టైరు 80 పీఎస్‌ఐ గాలితో జంటలో ఉన్నప్పుడు 2,470 పౌండ్లు మోస్తుంది, నాలుగూ కలిపి 9,880. ఇరుసుకూ టైర్లకూ మధ్య మిగులు 280 పౌండ్లు, అంటే మూడు శాతం. ముందు వైపు ఇరుసు 5,000, టైర్లు రెండూ కలిపి 5,360. మిగులు ఏడు శాతం. లారీలు ఆగే చోట క్యాట్ స్కేల్ అనే తూకం మీద నిండు సామానుతో, నిండు నీళ్లతో ఎక్కిస్తే మా వెనక ఇరుసు 9,340 చూపించింది. సగటున టైరుకు 2,335. బాగానే ఉందనిపిస్తుంది. కానీ మా స్లయిడ్ (బయటికి జరిగే గది భాగం), ఫ్రిజ్, పొయ్యి అన్నీ ఎడమవైపే. ఎడమవైపు 300 పౌండ్లు ఎక్కువ ఉందనుకుంటే అక్కడ టైరుకు 2,410 పడుతుంది. మిగిలేది 60 పౌండ్లు. ఇరవై పౌండ్ల సోనామసూరి బస్తాలు మూడు.

ఇప్పుడు ఎడమ జంటలో ఒకటి పేలిందనుకోండి. 4,820 పౌండ్లూ పక్కదాని మీద పడతాయి. ఒంటరిగా అది మోయగలిగేది 2,680. పక్కన ఇంకొకటి ఉందనే ధీమా విలువ ఇంతే. పైగా లోపలి టైరు గాలి పోతే డ్రైవరుకు వెంటనే తెలియదు, బయటిది నిలబెడుతుంది కాబట్టి. రెండోది కూడా పోతే చిరిగిన ముక్కలు చక్రం పైనున్న బండి నేలను, గ్యాస్ గొట్టాన్ని, మురుగు పైపును కొట్టేస్తాయి.

గాలి విషయంలోనూ వెనకవాటికే అన్యాయం. చేయి పట్టదు, వాల్వు అందదు, రేపు చూద్దామనిపిస్తుంది. ఇదే టైరు 65 పీఎస్‌ఐ దగ్గర జంటలో 2,150 మాత్రమే మోస్తుంది. నాలుగూ కలిపి 8,600. టైర్లు కొత్తవే అయినా మా బండి అప్పుడు 740 పౌండ్ల అధిక బరువుతో నడుస్తున్నట్టు.

అందుకే నా మాట: చేతిలో డబ్బు తక్కువగా ఉండి రెండు విడతలే గతి అయితే, వెనక నాలుగూ మొదట మార్చండి. ముందు టైరు ఒక అంచున మాత్రమే అరిగి ఉంటే అప్పుడు ముందువాటి సంగతి మొదట చూడాలి, కానీ అది అలైన్‌మెంట్ జబ్బు. మామూలు సామాను నింపిన బండితో అలైన్‌మెంట్ చేయించకుండా కొత్త టైర్లు వేస్తే అవీ అలాగే అరుగుతాయి. లోపలివి రెండే మార్చి బయటివి ఉంచుకుందామని నేనూ ఆశపడ్డాను, కుదరదు. జంటలో ఒకటి కొత్తది, ఒకటి అరిగినది అయితే వ్యాసంలో తేడా వచ్చి పెద్దది బరువంతా నెత్తికెత్తుకుంటుంది.

ఆరూ ఒకేసారి మార్చడం వల్ల లాభం ఒకే పుట్టినతేదీ, ఒకే లెక్క. మళ్లీ బండి కిందికి దూరే పని లేదు. బిగింపు, బ్యాలెన్సింగ్‌తో కలిపి నాకు 1,420 డాలర్లయింది. నా ముందు టైర్లు ఇంకో ఏడాది వచ్చేవే. ఆ మేరకు నష్టపోయానని ఒప్పుకుంటాను, అయినా మళ్లీ ఇదే చేస్తాను. ఎన్నేళ్లకు మార్చాలన్నది ఇంకో తగాదా. ఐదేళ్లు దాటాక ఏటా తనిఖీ చేయించి, పదేళ్లకు ఎలాగైనా మార్చమని మిషలిన్ చెబుతుంది. 22.5 అంగుళాల చక్రాల టైర్లతో, బరువులో మంచి మిగులుతో, షెడ్డు కింద ఉండే క్లాస్ ఏ (బస్సులాంటి) బండికి ఆ పదేళ్లు సరే. మూడు శాతం మిగులుతో టెక్సస్ ఎండలో ఉండే మా బండికి నేను ఏడేళ్లే వేసుకున్నాను.

ఏ కంపెనీ అనేది నా దృష్టిలో చిన్న విషయం. మంచులోకి వెళ్లేవారికి మిషలిన్ అజిలిస్ క్రాస్‌క్లైమేట్, వెళ్లనివారికి ఫైర్‌స్టోన్ ట్రాన్స్‌ఫోర్స్ లాంటి మామూలు హైవే టైరు. మన ఊళ్లో లారీలకు వేసే రీబటన్ టైర్ల గురించి ఒకరిద్దరు అడిగారు. ఈ సైజుకు ఆ ఊసే వద్దు. ఎస్‌టి అని మొదలయ్యేవి ట్రైలర్లకు చేసినవి, చవకగా దొరికినా మోటర్‌హోమ్‌కు వేయకూడదు.

దుకాణంలో టైర్లు చక్రానికి ఎక్కించకముందే కోడ్ చూపించమనండి. నాకు మొదట తెచ్చినవాటిలో రెండు రెండేళ్ల నాటి సరుకు, వెనక్కి పంపాను. రబ్బరు వాల్వులు తీసేయించి లోహపువి వేయించండి. పని అయ్యాక గాలి మీరే కొలవండి. మా బండికి ఆ కుర్రవాడు ఆరూ 65 దగ్గర ఆపేశాడు.

ఇంటికొచ్చాక నీళ్ల ట్యాంకును పావు వంతుకు తగ్గించి మళ్లీ తూకం వేయించాను. వెనక 9,080 వచ్చింది. వెనక అరలో ఉన్న వెట్ గ్రైండర్ గురించి ఇంట్లో ఇంకా ఎత్తలేదు.